మంద వైపు తిప్పిన తీగ

మే 6, మంగళవారం

నాయన మందతో వెళ్లిపోయాడు. పోయిన నెలలో గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి! ఎక్కువ నడవొద్దని డాక్టరు ఎంత చెప్పాడో. "గొర్రెలకు చెప్పలేదు కదా పాపా, మేయొద్దని" — అదీ ఆయన జవాబు. ముదిగుబ్బ చుట్టూ గడ్డిపోచ లేదు నిజమే. గుట్టల అవతల మేత ఉందట. అక్కడ ఫోన్ పలకదు. కోపంగా ఉంది. కోపం కన్నా భయం ఎక్కువ.

పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న హామ్ రేడియో సెట్టు నాది, లైసెన్సు లేని ఆయన చేతికివ్వకూడదు. అందుకే వాకీటాకీల్లాంటి సిటిజన్స్ బ్యాండ్ చేతిసెట్లు రెండు — వాటికి లైసెన్సు అక్కర్లేదు. ఒకటి ఆయన సంచిలో, ఒకటి నా దగ్గర. పవరు తక్కువ. ఇక భారమంతా యాంటెన్నాదే.

మే 7

మిద్దె మీద నిలువు కడ్డీ ఎత్తాను. తొమ్మిదడుగుల అల్యూమినియం పైపు, దాని అడుగున నాలుగు పక్కలకీ నాలుగు తీగలు. మంద నాలుగు రోజులకో చేనులో దిగుతుంది, ఏ దిక్కున ఉంటాడో ఏమో... నిలువుదైతే అన్ని దిక్కులూ ఒకటే. నిన్న బయల్దేరేటప్పుడే నాయనకీ ఒక తీగ ఇచ్చాను. చెట్టు కొమ్మకేసి నిలువుగా వేలాడదీయమని రెండుసార్లు చెప్పాను. విన్నట్టే తలూపాడు.

పొద్దుగూకే వేళ పలికాడు! "బాగుండా పాపా. ఈడ మేత కూడా బాగుండాది." అమ్మ నా చేతిలోంచి సెట్టు లాక్కుని మాత్రలు వేసుకున్నావా లేదా అని తిట్టింది.

మే 9

గొంతు సన్నబడింది. గరగర. "మాత్ర... ఏసు..." అంతే. వేసుకున్నాడా, వేసుకోవాలా? అన్ని అతుకులూ విప్పి బిగించాను. మీటరు ముల్లు సరిగానే ఉంది. తప్పు నా వైపు లేదు.

మే 10

ఏమీ లేదు. అమ్మ అన్నం ముట్టలేదు.

మే 11, ఆదివారం

మా ఆయన బండి మీద వెళ్లి చూసి వచ్చారు. నాయన క్షేమం. కాస్త ఆయాసపడుతున్నాడట.

తీగ ఎలా కట్టాడని అడిగాను. నవ్వు ఆపుకోలేకపోయారు. ఎరువు కోసం రైతు మందను నిలపమన్న చేను అది, చెట్టన్నదే లేదు. మంద చుట్టూ వల కట్టే గుంజలకే నా తీగను అడ్డంగా లాగి కట్టాడట, దాని మీద కండువా ఆరేసుకున్నాడట! "తీగంటే లాగి కట్టేదే కదప్పా" అన్నాడట.

నాది నిలువు, ఆయనది అడ్డం; రెండూ ఒకే తీరులో ఉంటేనే మాట బాగా అందేది. ఉన్న కాస్త పవరూ అక్కడే పోతోంది.

"నిలబెట్టించి రావచ్చు కదా!"

"నిలబెట్టిస్తినే. నేను బండెక్కేలోపల మామ మళ్లా పీకి అడ్డం కట్టినాడు. గొర్రెలు తగులుకుంటాండాయంట."

ఇంతకన్నా మొండి మనిషి ఈ మండలంలో ఉండడు.

మే 12

ఆయన మారడు. నేనే మార్చాలి.

కడ్డీ దించేశాను. రెండు కొయ్యల మధ్య రెండు తీగలు అడ్డంగా, నడుమ నుంచి కేబులు. ఇది అన్ని పక్కలా ఒకేలా వినదు, ముందూ వెనకా ఉన్న దిక్కుల్నే బాగా వింటుంది. మా ఆయన వేలు చూపించిన వైపు తిప్పి కట్టాను. కింద నుంచి అమ్మ — "ఇంగా కొంచెం ఇట్ల తిప్పే, పొద్దు మునిగే పక్క కదా ఆ చేను!"

సాయంత్రం నాయన గొంతు పక్కగదిలోంచి మాట్లాడినట్టు వచ్చింది. "ఇప్పుడు బాగ చేసినావు పాపా. నిన్నటిదాకా నీదే సరిగా లేదు."

ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. ఎదలో నొప్పేమైనా ఉందా అంటే — "ఎద కాదులే, భుజం. గుంజలు పాతినా కదా." తెల్లారగానే వచ్చేయమన్నాను. "రేపు మందను ఇంకో చేనికి తోలల్ల. ఎల్లుండి చూద్దాం."

మే 13, సాయంత్రం

నేను పిలవకముందే, అవతల బటన్ నొక్కినట్టు సెట్టు తెరుచుకుంది. మాట లేదు. గొర్రెల మెడగంటలు, గాలి.

బటన్ నొక్కి పట్టినంతసేపు నొక్కినవాళ్లకు మన మాట చేరదు. వదిలితేనే వినబడుతుంది. తెలిసీ అరుస్తున్నాను. అమ్మ కూడా నా భుజం మీదుగా అరుస్తోంది. మా ఆయన బండి తీశారు. గుట్ట చుట్టి పోవాలి...

గంటలు ఇంకా వినబడుతున్నాయి. మధ్యలో ఊపిరి లాంటిది. గాలేనేమో. సెట్టు మీద సంచి పడ్డా బటన్ నొక్కుకుంటుంది — ఆ మాట అమ్మతో అన్నాను. బటన్ మీద బిగుసుకుపోయిన చెయ్యి కూడా కావచ్చని అనలేదు.

వదులు నాయనా, వదులు, అంటున్నాను. వదిలేస్తే ఆ ఊపిరి కూడా వినబడదేమోనని భయం.