కాలరు అత్తమ్మకు

హనీఫా,

మీ అన్న షేర్వానీకి కత్తెర పెట్టొద్దని అత్తమ్మ మళ్లీ అంటే, పెట్టేశానని చెప్పు. మా ఖుర్షీదా పాత కుర్తాను దాని మీద పరిచి, పిల్ల ఎదుగుతోంది కాబట్టి చుట్టూ రెండు వేళ్లు ఎక్కువ వదిలి కోశాను. చేతులు నువ్వు కుట్టు. కాలరు మాత్రం కుట్లు విప్పి తీశాను, అత్తమ్మకు ఇవ్వు.

"నా కొడుకొచ్చి ఏం తొడుక్కుంటడే?" అని నిన్న నన్ను నిలదీసింది. యూనియన్ మిలటరీ వచ్చిన వారంలో మీ అన్నను తానే గోరీలో పెట్టి మట్టి చేశానని ఆయన దోస్తు ఖాజావలి చెప్పినా ఆమె నమ్మదు. నాకు మాత్రం నమ్మాలని ఉందా?

నల్ల దారం కోసం రాంగోపాల్‌పేట్ వెళ్తున్నాను.

భాభీ

మరిచాను. అందరి అన్నాలూ అయ్యాక, ముందు కాదు, ఇది చదివి వినిపించు: ఆయన లేరని ఒప్పుకుని, రేపటి నుంచి భర్త పోయిన ఆడది పాటించే ఇద్దత్ కూర్చుంటున్నాను. నాలుగు నెలల పది రోజులూ గడప దాటను.