హీటర్ ప్లగ్గు నా దగ్గరే ఉంది

నాన్నా,
డ్యూటీ దిగి రాగానే హీటర్ వెలగడం లేదని కంగారుపడకు. ప్లగ్గు కత్తిరించి నా సంచిలో వేసుకున్నాను. మళ్ళీ వైరు అతికించకు, నీకు దండం పెడతాను. బోర్డులో పట్టడం లేదని నువ్వు రంపంతో కోసేసిన మూడో పిన్నే ఎర్తు. అది లేకపోతే లీకైన కరెంటు హీటర్ ఇనప రేకులోకి వచ్చి, ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. మొన్న చెబితే "నాలుగక్షరాలు రాగానే నాకే పాఠాలా?" అన్నావు. అప్పుడు నవ్వేశాను, ఇప్పుడు నవ్వు రావడం లేదు. సాయంత్రం ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని వస్తాను. అందాకా దుప్పటి కప్పుకో, బీరువా మీద ఉంది.

అన్నట్టు, పొద్దున అమ్మకి షాక్ కొట్టింది. డాక్టరుకి చూపించాను, గండం గడిచింది. నువ్వు కుమిలిపోతావని చెప్పొద్దంది. కుడిచెయ్యి కాలింది. ఏమీ అడక్కుండా ఈ పూట గిన్నెలు నువ్వు కడుగు.