వెనక్కి జరిగే మీట

2005 జూన్ 6, సోమవారం

లైబ్రరీ కార్డుల ప్రోగ్రాం మొదలుపెట్టాను. మౌసు లేదు, బొమ్మల్లేవు — నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. వాళ్ల పాత కంప్యూటర్లు అంతకు మించి మోయవు. ఇంగ్లీషులో కొడితే అన్నీ బుద్ధిగా వస్తున్నాయి. తెలుగులో 'క' కొడితే మూడు పిచ్చి గుర్తులు.

ఇది వాడాల్సింది మస్తాన్ మాస్టారు. పటమటలో ఆయన తెలుగు టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేశాక, రోజూ పామర్రు నుంచి బస్సులో వచ్చి లైబ్రరీలో పుస్తకాల కార్డులు కొడుతున్నారు. నాకు టైపు నేర్పింది ఆయనే. మీటల వైపు చూస్తే స్కేలుతో వేళ్ల మీద ఒక్కటి పడేది.

తెలుగు కుదరకపోతే ఇంగ్లీషులోనే పెట్టేద్దాం, దానికి వేరే మనిషిని చూసుకుంటాం అన్నారు లైబ్రరీ సెక్రటరీ గారు. ఎంత తేలిగ్గా అన్నారో! మాస్టారికి ఇంగ్లీషు టైపు రాదు.

జూన్ 7

అర్థమైంది. మన అక్షరం ఒక్కటే అయినా లోపలికి మూడు ముక్కలై వస్తోంది. నేను ఒక్కో ముక్కనీ ఒక్కో అక్షరం అనుకుంటున్నాను. ముక్కలన్నీ కలిపి నిండు అక్షరంగా అందుకునే పద్ధతి వేరే ఉంది.

జూన్ 8

ఆ పద్ధతి పెట్టాను. ఇప్పుడు అసలేమీ రావడం లేదు. నయమే, పిచ్చి గుర్తులైనా పోయాయి.

జూన్ 9

ఇక్కడ నడిచే భాష తెలుగు అని తెర తెరవక ముందే చెప్పాలి. నేను తెరిచాక చెప్పాను. ప్రోగ్రాంలో ఆ ఒక్క వరస పైకి జరిపాను... 'కృష్ణ' వచ్చింది! ఒత్తు కాస్త పక్కకి ఒరిగింది గానీ, వచ్చింది. అమ్మని పిలిచి చూపించాను. మూడు రోజులు దీనికేనా, అంది.

జూన్ 11

బాణం మీట నొక్కితే ఊరూ పేరూ లేని అక్షరం పడుతోంది. వచ్చింది అక్షరమా, ఉత్త మీటా అన్నది కూడా ప్రతిసారీ అడగాలి. నేను అడగలేదు. బ్యాక్‌స్పేస్ అయితే ఒక్కో కంప్యూటర్లో ఒక్కో వేషం. మొత్తం మూడు వేషాలు. మూడింటికీ ఒకటే పని అప్పగించాను — వెనక ఉన్న అక్షరాన్ని చెరపడం.

మీటల వరస మాత్రం మాస్టారి టైపు మిషన్‌దే ఉంచాను. ఆయన కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. అలా అనుకున్నాను.

జూన్ 13, సోమవారం

మాస్టారు ముప్ఫై కార్డులు కొట్టారు. పన్నెండింట్లో అక్షరాలు లేవు. 'నేను కొట్టాను, నీ మిషనే మింగింది' అంటారు. నేను కొడితే ఒక్కటీ పోవడం లేదే!

జూన్ 14

మళ్లీ అంతే. తలప్రాణం తోకకొచ్చింది. సెక్రటరీ గారు వచ్చి ఏమిటి సంగతి అంటే నోరు జారాను. ప్రోగ్రాం బాగానే ఉందండీ, కొట్టడంలోనే ఏదో... అన్నాను. ఆయన అక్కడికక్కడే తేల్చేశారు. శనివారం కమిటీ ముందు మాస్టారు ఇరవై కార్డులు కొట్టాలి. కుదిరితే తెలుగు, లేకపోతే ఇంగ్లీషు.

జూన్ 15

అన్నం సహించలేదు.

జూన్ 16, గురువారం

ఇవాళ తెర చూడలేదు. మాస్టారి పక్కన కుర్చీ వేసుకుని ఆయన చేతులు చూశాను. ఆయన కళ్లు ఎడమ పక్క కాగితం మీదే. ఒకచోట ఒత్తు మర్చిపోయారు. వెంటనే చిటికెన వేలు బ్యాక్‌స్పేస్ మీదికి వెళ్లింది, ఒక్క దెబ్బ, ఆ తర్వాత ఒత్తు.

టైపు మిషన్ మీద అంతేగా! వెనక్కి జరుగుతాం, అక్షరం కాగితం మీదే ఉంటుంది, దాని కింద ఒత్తు కొడతాం. నాకూ అలాగే నేర్పారు. నేను మర్చిపోయాను. ఇక్కడేమో వెనక్కి జరిగినప్పుడల్లా అక్షరం పోతోంది. తెర చూడరు కదా, ఆయనకెలా తెలుస్తుంది?

"మాస్టారూ, అది వెనక్కి జరగదండీ. చెరిపేస్తుంది."

ఆయన చిటికెన వేలు మీట మీంచి తీసేశారు. తర్వాత, "ముప్ఫై ఏళ్ల అలవాటమ్మా," అన్నారు. రేపు రానని చెప్పి బస్సుకి వెళ్లిపోయారు.

నేను సెక్రటరీ గారితో అన్న మాట ఆయనకి తెలియదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గుగా ఉంది.

జూన్ 17, శుక్రవారం

ఆయన వేళ్లు ఎందుకు మారాలి? మార్చాల్సింది నేను. పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఇప్పుడు బ్యాక్‌స్పేస్ కొడితే జరుగుతుందంతే, చెరపదు. ఒత్తు కొడితే ఆ అక్షరం కిందికే చేరుతుంది. ఇరవై కార్డులు నేనే కొట్టి చూశాను. టైపు మిషన్‌కీ దీనికీ పూచికపుల్లంత తేడా లేదు.

పామర్రులో వాళ్లింటికి ఫోన్ లేదు. అయినా చెప్పాల్సిన పనేముంది, ఆయన వేళ్లు ఎటు పోతాయో నాకు తెలియదా?

జూన్ 18, శనివారం

లైబ్రరీ వరండా బల్ల మీద రాస్తున్నాను. మాస్టారు పక్కనే ఉన్నారు.

కమిటీ వాళ్లతో పాటే లోపలికి వచ్చారాయన. మాట కలపడానికి సందు దొరకలేదు. నాలుగో కార్డులో ఒక అక్షరానికి బదులు ఇంకోటి పడింది. ఆయన ఆగారు. తలెత్తి తెర చూశారు. జన్మలో మొదటిసారి! బ్యాక్‌స్పేస్ ఒకసారి కొట్టి, సరైన అక్షరం కొట్టారు. తప్పు అక్షరం అక్కడే ఉంది. మళ్లీ కొట్టారు. కదల్లేదు. ఆయన నా వైపు చూశారు.

ఇరవైలో ఆరు పాడయ్యాయి.

ఇప్పుడే చెప్పారు. నిన్న జుమ్మా నమాజు నుంచి వచ్చి, అట్ట మీద మీటలు గీసుకుని, చీకటి పడేదాకా వేళ్లకి నేర్పుకున్నారట. చెరుపుతుంది, చెరుపుతుంది అని లోపల అనుకుంటూ. మనవరాలు నవ్విందట. "నీ ప్రోగ్రాంకి నా వల్ల మాట రాకూడదని," అన్నారు.

అప్పుడు చెప్పేశాను — నిన్నటి మార్పు, మంగళవారం నేను అన్న మాట, రెండూ. ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకుంటున్నారు. తుడుస్తూనే ఉన్నారు.

అటెండరు వచ్చాడు. కమిటీ వాళ్లు మా ఇద్దరిలో ఒక్కళ్లనే లోపలికి రమ్మన్నారట. ఎవరినో చెప్పలేదట.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుంటున్నారు. నేను ముందు లేస్తున్నాను...