చివరి వరుసలో పేరు

అక్కకు,

నేను బాగానే ఉన్నాను, నా నోరు నాకంటే బాగుంది. మీరంతా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాను. పెద్దదాని పళ్ళకు క్లిప్పు వేయించారట. ఇక ఏ ఫొటోలో చూసినా మూతి ముడుచుకునే ఉంటుంది.

"ఊరికే చేసే పనికి ఇన్ని తిట్లెందుకు?" అని బావ అడిగాడన్నావు. ఊరికే చేస్తున్నాం కాబట్టేనని చెప్పు. జీతమిచ్చే చోటైతే ఒకరినొకరు భరిస్తారు. మా గుంపు తయారుచేసేది మనుషుల మాటలు, ఫొటోలు పరాయివాళ్ళ కంట పడకుండా దాచే ఫోన్ యాప్. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా లోపల చూసి బాగుచెయ్యొచ్చు. ఈ "ఎవరైనా" అన్న మాట మావాళ్ళు ఎంత గొప్పగా చెప్పుకుంటారో, నిజంగా ఎవరైనా వస్తే అంతగా మొహం చిట్లిస్తారు.

కొత్తవాళ్ళకు పని నేర్పే శనివారం తరగతి నా నెత్తిన పడిందని రాశాను కదా. లైబ్రరీ మేడమీద గది, తొమ్మిది కుర్చీలు, అందులో ఒకటి కుంటిది. ఇక వచ్చేవాళ్ళ సంగతి ఏం చెప్పను! ఒకడు సూచనల పేజీలో ఒక కామా తీసేశాడు, వారం తిరిగాక అదే కామా మళ్ళీ పెట్టి, రెండు మార్పులు చేశానని ఉద్యోగం దరఖాస్తులో రాసుకున్నాడు. ఇంకొకావిడ ల్యాప్‌టాప్ మూతకు మా స్టిక్కర్ అంటించుకుని వెళ్ళింది, మళ్ళీ జాడ లేదు. "ముందు నియమాల పేజీ చదివి రండి" అని గొంతు చించుకుంటాను. ఒక్కరు చదివితే ఒట్టు. మా గుంపు పెద్దను వెనకాల మహానుభావుడంటాం. ఆయన ఒకే ఒక్కసారి తరగతికి వచ్చి, "ఏ ప్రశ్నయినా సిగ్గుపడకుండా అడగండి" అన్నాడు. మొదటి ప్రశ్నకే "ఇది కూడా తెలీదా?" అన్నాడు. ఆ అడిగినవాడు మళ్ళీ రాలేదు.

ఎక్స్‌రే ఆవిడ ఇంకా వస్తోందా అని అడిగావు. నీకు సగమే చెప్పాను. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది, అది తెలుసు. దొరికితే చంపుతానన్న మొగుడి నుంచి పారిపోయి వచ్చిందని నీకు చెప్పలేదు. మొదటి శనివారమే నా దగ్గరికొచ్చి, "మీ యాప్‌లో ఫొటో తీసేసినా చిన్న బొమ్మ ఒకటి మిగిలిపోతోందండీ" అంది. "అలా జరగదమ్మా" అన్నాను వెటకారంగా. ఫోన్ తీసి చూపించింది. నిజమే!

"ఇల్లు వదిలే ముందు అద్దెకు చూసుకున్న గది ఫొటో తీసేశాననుకున్నానండీ. మా ఆయన నా ఫోన్‌లో ఆ బొమ్మ చూసే కనిపెట్టాడు. అందుకే ఆ గది వదులుకుని ఈ ఊరొచ్చాను" అంది.

పదకొండుమంది పండితులం నాలుగేళ్ళుగా ఆ యాప్‌ను పొగుడుకుంటూ కూర్చున్నాం, ఒక్కరి కంటా పడలేదు. ఆమె కుంటి కుర్చీలోనే ఏడు వారాలు కూర్చుని, ప్రతీదీ అడిగి నేర్చుకుని, ఆ లోపాన్ని తనే సరిచేసింది. రాసింది పన్నెండే వరుసల కోడ్, కానీ అంత శుభ్రమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

మా దగ్గర ఏ మార్పు పంపినా దాని చివరి వరుసలో పంపినవాళ్ళ పేరు, మెయిల్ అడ్రసు ఉండాలి. అది లోకమంతటికీ కనిపిస్తుంది. కాపీలు వేలమంది కంప్యూటర్లలోకి వెళ్ళిపోతాయి, చెరపడం ఎవరి తరమూ కాదు. మనుషుల్ని దాచే యాప్‌లో ఈ ఏర్పాటు చూడు! ఆమె తన పేరూ, ఆసుపత్రివాళ్ళిచ్చిన, ఆసుపత్రి పేరు కూడా ఉండే మెయిలూ రాసింది. ఇరవై రోజులు తిరక్కుండా మొగుడు ఎక్స్‌రే గది బయట బెంచీమీద, చేతిలో చీటీతో, వరుసలో మూడోవాడుగా కూర్చున్నాడు. వాడికి ఏ ఎముకా విరగలేదు. ఆమె తలుపు సందులోంచి చూసి, వెనక మెట్లు దిగి, ఎక్స్‌రే కిరణాలు తగలకుండా ఒంటిమీద వేసుకునే సీసం ఏప్రాన్ విప్పడం కూడా మరిచిపోయి నా గదికి నడిచొచ్చింది.

మహానుభావుడికి ఫోన్ చేశాను. "పాత రికార్డు మార్చడం కుదరదు. కావాలంటే మన పేజీలో ఆమె పేరు వేసి కృతజ్ఞతలు చెబుదాం. ఫొటో ఉంటే పంపు" అన్నాడు. ఛీ! అలాంటివాడి కింద ఇన్నేళ్ళు పనిచేశానంటే నన్ననాలి.

అక్కా, అసలు నన్నే అనాలి. ఆ రోజు పంపబోతూ ఆమె చెయ్యి ఆపి, "వేరే పేరు రాయొచ్చాండీ?" అని అడిగింది. "అసలు పేరే రాయాలి, రూలంటే రూలే. అయినా పన్నెండు వరుసలకి మిమ్మల్ని ఎవడు వెతుక్కుంటూ వస్తాడు?" అన్నాను. గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, రాసేసింది.

మహానుభావుణ్ణి కడిగేద్దామని మొన్న నియమాల పేజీ తెరిచాను. నలుగురూ పిలిచే పేరు ఏదైనా చాలు అని ఉంది. మొదటి నుంచీ ఉందట. ఊరందరినీ చదవమని అరిచేదాన్ని, నేను ఒక్కసారీ చదవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నా గదిలోనే ఉంటున్న ఆమె దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"తెలుసండీ, మీరు చదవమన్నారుగా, ముందే చదివాను. మీరు కాదన్నారంటే మారిందేమో అనుకున్నాను" అంది.

చెంప పగలగొట్టినా ఇంత బాధ ఉండేది కాదే.

ఈ ఉత్తరం పోస్టులో రాలేదని చూసే ఉంటావు. నీ చేతికిచ్చిన మనిషే ఆమె. ఈ ముక్క మొదట్లోనే రాస్తే, ఆమెను లోపలికి తీసుకెళ్ళే హడావిడిలో నా తప్పు చదవకుండా వదిలేసేదానివి. నువ్వలాంటిదానివే. మేడమీద కుట్టుగదిలో ఉండనివ్వు. బావకు చెప్పు, పక్కింటివాళ్ళకు చెప్పకు. ఆమె పేరు నేను రాయడం లేదు, నువ్వూ అడగకు. తను ఏది చెబితే అదే ఆమె పేరు. ఇక చదివింది చాలు, ఇంతసేపూ గుమ్మంలోనే నిలబెట్టావు, ముందు లోపలికి పిలువు.

ఇట్లు,
నీ తిట్ల కోసం కాచుకుని ఉన్న చెల్లెలు