ముందు చక్రాలకు పెద్ద కారు బ్రేకులు

కొల్లూరు,
ఆదివారం పొద్దుగాల

అన్నకు,

నీ చెల్లె సుజాత దండం పెట్టి రాసేది. నువ్వు, వదిన, పిల్లలు మంచిగున్నరా? వదిన నడుము నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమందరం బాగున్నం. ఏం ఫికర్ పెట్టుకోకు.

ఫోన్ల చెప్తే నడుమల్నే కోపానికొస్తవని రాస్తున్న. మా ఆయన అమ్మేద్దామన్నా నువ్విచ్చిన కారు అమ్మలే. ఇగ ముందు అమ్మేది గూడ లేదు. ముందుగాల మొత్తం చదువు, తర్వాత తిట్టు.

మా కాలనీ ఆడోళ్లు నలుగురిని రోజూ పటాన్‌చెరుల మందుల కంపెనీకి తోలుకపోతనని నీకెరుకే. పోయిన నెల ముంబై రోడ్డు మీద ముందల పోయే లారీ ఉన్నట్టుండి ఆగింది. నేను బ్రేకు మీద నిలవడ్డంత పని చేసిన. అయినా కారు లారీ దిక్కే పోతున్నది. ఎడమకు కోసి మట్టిలకు దింపిన కాబట్టి బతికినం. వెనక కూసున్న రాజమణి కడుపుతోని ఉన్నది. మెల్లగ దిగి, "అక్కా, నీ మీద కోపం లేదు గని, రేపటి సంది బస్సుల పోత" అన్నది. ఆ మాటతోని నాకు అన్నం సయించలే.

కారును పటాన్‌చెరు మెకానిక్ గౌస్ భాయ్‌కి చూపెట్టిన. "బ్రేకులు ఖరాబ్ కాలే బేటీ. చిన్న కారుకు చిన్న బ్రేకులే ఇచ్చిండ్రు. నువ్వేమో నిండ ఎక్కించి హైవే మీద ఉరికిస్తున్నవ్" అన్నడు. అదే కంపెనీ పెద్ద కారు బ్రేకులు దీనికి కూసుంటయట. తుక్కు షాపుల ఎతికితే దొర్కుతయన్నడు.

ఇద్దరం కలిసి పోయినం. షాపాయన నన్ను చూసి, "మీ ఆయనను పంపియ్యమ్మా" అన్నడు.

"కారు తోలేది నేను, బ్రేకు తొక్కేది నేను. నాకే చూపెట్టు" అన్న.

ఇగ లోపలికి తోలుకపోయిండు. వెనక భాగమంత నుజ్జయిన పెద్ద కారొకటి చూపెట్టిండు. ముందర గీత గూడ పడలే. గౌస్ భాయ్ డిస్కు ప్లేట్ల మందం కొలిచి, వాటిని పట్టే క్యాలిపర్లు తిప్పి తిప్పి చూసి తీసుకున్నడు. ప్యాడ్లు, రబ్బరు పైపులు మాత్రం కొత్తయే కొనిపిచ్చిండు.

తీరా బిగించినంక చక్రం ఎక్కలే! క్యాలిపర్ రిమ్ముకు తాకుతున్నది. మా ఆయన తల పట్టుకొని, "ఇగ అమ్మేద్దాం" అన్నడు. నేను వినలే. మళ్ల షాపుకు పోయి అదే కారు చక్రాలు తెచ్చిన. అవి ఎక్కినయ్ గని, ఈసారి పెడల్ అడుగు దాక దిగుతున్నది. పెద్ద బ్రేకులకు ఎక్కువ ఆయిల్ నెట్టాలె గద, పాత సిలిండర్‌తోని కాలే. అది గూడ ఆ కారుదే వేసినం.

భానూర్ దిక్కు ఖాళీ రోడ్డు మీద చూసినం. కారు మంచి జోరు మీదున్నప్పుడు గౌస్ భాయ్ "తొక్కు!" అన్నడు. తొక్కిన. కారు తిన్నగ, ఎటూ గుంజకుండ ఆగింది. ఆయన తల మీది టోపీ ఎగిరి అద్దానికి తాకింది. "ఇంగోసారి" అనుకుంట నవ్విండు. చాన సార్లు తొక్కిపిచ్చి, దిగి, ఆయిల్ కారుతున్నదా అని చక్రం చక్రం తడిమిండు. తర్వాత ఆర్టీఓ ఆఫీసుల గూడ చెక్ చేపిచ్చినం. ఏం తప్పు పట్టలే.

రాజమణిని బతిమాలలే. "జెర కూసో, కాలనీ చుట్టు తిప్పుత, నచ్చకుంటే బస్సే ఎక్కు" అన్న. తెల్లారి నేను పిలవకముందే వచ్చి కూసున్నది.

ఇక్కడ వానలు దంచుతున్నయ్. వదినను జొన్న పిండి, ఎల్లిపాయ కారం పంపుమను. ఇక్కడి పిండితోని రొట్టెలు ఇరిగిపోతున్నయ్. ఒక్కోపారి ఊరోళ్లు యాదికొస్తే మనసు నిలవది. గని పని మంచిగ నడుస్తున్నది, నువ్వు పరేషాన్ కాకు.

నిన్న వానల ఆటో ఒకటి అడ్డమొచ్చింది. తొక్కంగనే కారు ఆగింది. వెనక రాజమణి తన అత్త గురించి ముచ్చట చెప్తున్నది. ముచ్చట ఆపలే అన్నా. నలుగురిల ఒక్కలు గూడ తలెత్తి చూడలే. నేనొక్కదాన్నే స్టీరింగ్ పట్టుకొని నవ్వుకున్న.

పెద్దోళ్లందరికి నా దండాలు, పిల్లలకు ముద్దులు. నన్ను సల్లగుండుమని దీవించు అన్నా.

నీ చెల్లె,
సుజాత