చిరునామాలో రెండో వరుస

అక్కా,

అరగంట దూరంలో ఉంటూ ఉత్తరం రాయడమేమిటని నవ్వుకోకు. ఫోన్ చేస్తే నువ్వు చేతిలో పని ఆపకుండా స్పీకర్ పెట్టి మాట్లాడతావు, పక్క గదిలో బావ ఉంటాడు. ఇంటికొస్తే ఎదురుగా ఆయనే ఉంటాడు. నెల రోజులుగా పని ఎక్కువగా ఉందని చెప్పి మీ ఇంటివైపు రాకుండా తప్పించుకుంటున్నాను. ఇప్పుడు పనీ లేదు, పాడూ లేదు. పది రోజుల కిందట ఉద్యోగం మానేశాను. ఈ సంగతి నీకు బావ చెప్పలేదంటే, చెప్పడానికి ఆయనకు మొహం చెల్లలేదని అర్థం.

నేనేం చేస్తానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నువ్వు కూడా అందరితో "మా చెల్లిది కంప్యూటర్ల పని" అనేసి ఊరుకుంటావు. మన ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ల నాటి పాత కంప్యూటర్ వ్యవస్థ ఉంది. చీటీలిచ్చే చోటు, మందుల గది, రక్తపరీక్షలు, వార్డులు అన్నీ దాని మీదే నడుస్తాయి. దాన్ని తీసేసి కొత్తది పెట్టే పని బావ కంపెనీకి వచ్చింది. ఆ పనికి ఆయనే పెద్ద, నన్ను తీసుకున్నదీ ఆయనే. ఆసుపత్రిని ఒక్క పూట కూడా మూయడానికి లేదు కదా. అందుకని ఏది దేన్ని ఆనుకుని ఉందో చూసి, ఏది ముందు కదపాలి, ఏది తర్వాత కదపాలి, మధ్యలో ఎక్కడ ఆగి సరిచూసుకోవాలి, తేడా వస్తే వెనక్కి ఎలా రావాలి, ఇదంతా కాగితం మీద పెట్టాలి. అదే నా పని. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. సరిగ్గా చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

పని మొదట్లో మూడు రోజులు వార్డులో నర్సుల బల్ల దగ్గర కూర్చున్నాను. అక్కడ పెద్ద సిస్టరు అని ఒకావిడ ఉంది. పొట్టిగా ఉంటుంది, మాట మాత్రం కొలబద్దతో కొట్టినట్టుంటుంది. తెర మీద ఒక రోగి చిరునామా చూసి నేను ఆగిపోయాను. మొదటి వరుసలో ఇంటి నంబరు, వీధి పేరు ఉన్నాయి. రెండో వరుసలో "సల్ఫా పడదు" అని ఉంది.

"ఇదేం వీధి సిస్టర్?" అన్నాను.

"వీధి కాదమ్మా, మందు. ఆ మందు ఆయన ఒంటికి పడదు."

"మరి చిరునామాలో రాశారేమిటి?"

"ఇంకెక్కడ రాయమంటావు? దానికో గడి పెట్టండి బాబూ అని పదిహేనేళ్ల కిందట అడిగాం. పెట్టలేదు. చిరునామా అయితే ఎవరూ చెరపరు కదా, అందుకని అక్కడ రాసుకుంటున్నాం. కొత్తగా వచ్చే ప్రతి నర్సుకూ మొదటి రోజే చెప్తాను, ఇల్లెక్కడున్నా సరే, రెండో వరుస చూడమని."

లెక్క తీయించాను. పదకొండు వేల నాలుగు వందల మందికి రెండో వరుసలో మందు పేరుంది. కొత్తదాంట్లో చిరునామాకు ఒక్క వరుసే ఉంది. రెండోది అనవసరమని మావాళ్లు ముందే కొట్టేశారు. పడని మందులకు కొత్తదాంట్లో వేరే గడి ఉంది, కానీ దాంట్లోకి ఈ మాటలు వాటంతటవి నడిచి వెళ్లవు.

అందుకని పథకం మార్చి రాశాను. ముందు ఆ పదకొండు వేల వరుసల్నీ నర్సుల చేత ఒక్కొక్కటిగా చదివించి కొత్త గడిలోకి ఎక్కించాలి. తర్వాత ఎనిమిది వారాలు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడవాలి. రెండూ ఒకే మాట చెబుతున్నాయని తేలాకే పాతదాన్ని ఆపాలి. ఇదంతా పదిహేడో పేజీలో ఉంది. బావ చదివి, "ఎనిమిది వారాలా? ఈలోపు ఆసుపత్రి చైర్మన్ పదవి దిగిపోతాడు. ఆయన చేత రిబ్బను కట్ చేయిస్తానని మాటిచ్చాను" అన్నాడు. ఆ చైర్మన్ దిగిపోతే రోగులేమైనా ఆయనతో పాటు దిగిపోతారా అని అడిగాను. చూద్దాంలే అన్నాడు. నేను నమ్మాను.

పెద్ద మీటింగులో పథకం అందరికీ పంచారు. దాంట్లో ఉన్నది నేను రాసింది కాదు: ఒకే ఆదివారం పొద్దున పాతది ఆపడం, సాయంత్రానికి కొత్తది మొదలుపెట్టడం. అట్ట మీద తయారుచేసినవారు అని నా పేరు. ఆసుపత్రి తరఫున ఒకాయన "ప్రమాదమేమీ లేదు కదా" అని అడిగాడు. బావ నావైపు చెయ్యి చూపించి, "మా అమ్మాయి అన్నీ చూసుకుంది" అన్నాడు. "చూశాను కాబట్టే పదిహేడో పేజీలో రాశాను" అన్నాను. అందరూ పేజీలు తిప్పారు. పదహారు తర్వాత పద్దెనిమిది ఉంది. బావ నవ్వుతూ, "మా అమ్మాయికి జాగ్రత్త కాస్త ఎక్కువ. ఇంట్లోనూ అంతే, తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నా మొహం మీద వేడి నీళ్లు పోసినట్టయింది.

బయట వరండాలో పట్టుకుని అడిగాను. "ఇంటిమనిషివని తీసుకున్నాను. ఇంటిమనిషిలా ఉండు" అన్నాడు. మర్నాడు రాజీనామా పడేసి వచ్చాను.

ఆ ఆదివారం ఇంకా పన్నెండు రోజులుంది. వచ్చే సోమవారం ఆ పదిహేడో పేజీ పట్టుకుని ఆసుపత్రి సూపరింటెండెంటు దగ్గరకు వెళ్తున్నాను. దానివల్ల బావ ఉద్యోగం పోవచ్చు. నీ ఇంట్లో అన్నం మెతుకు మీద దెబ్బ కొడుతున్నానని తెలుసు. అందుకే ముందుగా నీకు చెబుతున్నాను. వద్దంటావేమోనని భయంగా ఉంది. వద్దన్నా వెళ్తానేమోనని ఇంకా భయంగా ఉంది.

ఈ ఉత్తరం నా చేత్తోనే మీ గేటు పక్కనున్న పెట్టెలో వేసి వెళ్తాను. పైకి రాను.

నీ చెల్లెలు

*

చిట్టీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ముందు నీ మీదే ఒళ్లు మండింది. ఉద్యోగం మానేసి పది రోజులు ఒక్కదానివి గదిలో కూర్చున్నావా? తిన్నావో లేదో తెలియదు. నేనేమైనా పరాయిదాన్నా? ఇక నా ఇంటి అన్నం సంగతి నాకు వదిలెయ్. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ నీకు పెడుతున్నదాన్ని, నాకు పెట్టుకోలేనా?

నీకు తెలియని ఒక సంగతి చెబుతాను. మా పాప పుట్టినప్పుడు నువ్వు పరీక్షల్లో ఉన్నావు. ఆ ఆసుపత్రిలోనే, ఒక ఇంజెక్షన్ ఇచ్చిన రెండు నిమిషాలకు నా గొంతు బిగిసిపోయింది, మొహమంతా ఉబ్బింది. మీ బావ నా చెయ్యి పట్టుకుని డాక్టర్ల కోసం అరిచిన అరుపు నాకింకా వినిపిస్తుంది. నిన్ను కంగారు పెట్టొద్దని అప్పుడు చెప్పలేదు. తర్వాత ఒక పొట్టి నర్సు నా చీటీ తీసుకుని కంప్యూటర్లో ఏదో కొట్టి, "ఇక ఈ ఆసుపత్రిలో మీకు ఎవరూ ఆ సూది వెయ్యరు" అంది. ఎక్కడ కొట్టిందో నీ ఉత్తరం చదివాక తెలిసింది.

బుధవారం పొద్దున వెళ్లాను. ముందు హాల్లో ఒక బల్ల వేసి, కొత్త కంప్యూటర్లో మీ వివరాలు సరిచూసుకోండి అని బోర్డు పెట్టారు. కళ్లజోడు గుమాస్తా ఒకాయన ఉన్నాడు. కార్డిచ్చాను. పేరు, వయసు, ఇల్లు చదివాడు.

"అన్నీ సరిపోయాయి కదమ్మా?"

"పడని మందులు అన్నచోట ఏముంది బాబూ?"

"లేవు అని ఉందండి."

"ఖాళీగా ఉందా?"

"ఖాళీగా కాదండి. 'లేవు' అని రాసుంది. ఏమీ లేనిచోటల్లా అదే వేసుకుంటుందట."

చూడు చిట్టీ, ఖాళీగా ఉంటే కనీసం ఎవరైనా అడుగుతారు. లేవు అని ఉంటే ఎందుకడుగుతారు? ఆ కాగితం అచ్చు తీసి ఇమ్మన్నాను. మధ్యాహ్నం భోజనానికి మీ బావ ఇంటికొస్తే కంచం పక్కన పెట్టాను.

చదివాడు. "ఇది ట్రయలే కదా" అన్నాడు.

"నేనూ ట్రయలేనా?" అన్నాను.

చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. సాయంత్రం ఫోన్ చేసి ఆ ఆదివారం వాయిదా వేయించానని చెప్పాడు.

వాయిదా పడింది కాబట్టి సోమవారం వెళ్లడం మానుకో అని నేను రాయడం లేదు. వెళ్లు అని కూడా రాయను. ఆయన నా మొగుడు, నా నోటితో ఆ మాట రాదు. నీకేది న్యాయమనిపిస్తే అది చెయ్యి. ఏది చేసినా తర్వాత ఇక్కడికి రా.

మీ అక్క

*

అక్కా,

రెండు నెలలకు జవాబు రాస్తున్నాను. ఈ మధ్య నువ్వు నా గదికి వచ్చి తిండి పెట్టి వెళ్తున్నావు కానీ, ఈ విషయం నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నోటితో చెప్పబోతే గొంతు లేస్తుంది. అందుకే మళ్లీ కాగితం.

ఆ సోమవారానికి ముందురోజు బావ నా గదికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "తేదీ జరిపించాను, నీ పదిహేడో పేజీ మళ్లీ పెట్టాను. ఇంకా ఆయన దగ్గరకు వెళ్లడం ఎందుకు?" అన్నాడు.

"వాయిదాకు కారణం ఏమని రాశారు బావా?"

"సాంకేతిక కారణాలు."

"'పదకొండు వేల మందికి పడని మందు తగిలేది, నేను పేజీ చింపేశాను, అందువల్ల' అని మీ చేత్తో రాయండి. రాస్తే నేను వెళ్లను."

"అలా రాస్తే నా అంతట నేను ఒప్పుకున్నట్టవుతుంది కదా."

"ఒప్పుకోరా మరి?"

నాకు అప్పుడు వచ్చినంత కోపం మీటింగులో కూడా రాలేదు. నెల రోజులు చెవినిల్లు కట్టుకుని పోరాను. అంకెలు చూపించాను, పట్టికలు గీసి చూపించాను. పదకొండు వేల మందీ ఆయనకు అంకెలాగే కనిపించారు. నీ ఒక్కదాని కాగితం కంచం పక్కన పడేసరికి అంకెకు మొహం వచ్చింది. మరి ఆ మిగతావాళ్లందరూ ఎవరి కంచం పక్కన కాగితం పెట్టాలి? ఇదే అడిగాను. తలొంచుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సోమవారం వెళ్లాను. సూపరింటెండెంటు నిదానంగా చదివి పెద్ద సిస్టరును పిలిపించాడు. "ఇలాంటిది ఒకటుందని నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని గద్దించాడు. ఆవిడ తొణక్కుండా, "పదిహేనేళ్ల కిందటే చెప్పాం సార్. అప్పుడు మీరు ఆ పక్క గదిలో కూర్చునేవారు" అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాతిది నీకు తెలుసు. బావను ఈ పని నుంచి తప్పించి ఇంట్లో కూర్చోమన్నారు. నన్ను ఆసుపత్రివాళ్లే నేరుగా పిలిచి, పథకం నువ్వే నడిపించమన్నారు. ఒప్పుకున్నాను.

నీకు చెప్పనిది ఇంకొకటుంది. రాజీనామా ఇచ్చాక ఆ పది రోజులూ నేనేం చేశానో తెలుసా? నా పేరు అట్ట మీద వేసినందుకు మండిపడ్డాను. నలుగురూ నవ్విన నవ్వు తలచుకుని కుమిలిపోయాను. సూపరింటెండెంటు గది నా గదికి పది నిమిషాల నడక. పది రోజుల్లో ఒక్కరోజైనా వెళ్లలేదు. చేతులు కడిగేసుకున్నాను, ఇక నాకేం సంబంధం అనుకున్నాను. ఆ రోజుల్లో నాకు గుర్తున్నది నా అవమానం ఒక్కటే, పదకొండు వేల మంది కాదు. బావను ఎన్ని మాటలన్నానో, వాటిలో సగం నాకూ తగులుతాయి. ఇది ఒప్పుకుంటే ఆయన మీద కోపం తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. నా మీద కొత్తగా మొదలైంది, అంతే.

పని సాగుతోంది. నర్సులు రోజుకు మూడు వందల వరుసలు ఎక్కిస్తున్నారు. కొన్ని అర్థం కావు. "పసుపు గోళీ వద్దు" అని ఒకటి, "పోయినసారి ఇచ్చినది ఇవ్వకండి" అని ఒకటి. అలాంటివాళ్లకు ఫోన్ చేసి అడగాలి. రెండు వేల పైచిలుకు ఉన్నాయి. ఎవరైనా వచ్చి సాయం చేస్తారేమోనని నోటీసు పెట్టాం. వెనక హాల్లో ఆరు బల్లలు, ఆరు ఫోన్లు.

పోయిన వారం ఒకరోజు లోపలికి వెళ్తే చివరి బల్ల దగ్గర బావ ఉన్నాడు. రోజూ పొద్దున నడకకు వెళ్తున్నానని నీకు చెబుతున్నాడట కదా. నడక కాదక్కా, ఇక్కడికే వస్తున్నాడు. అంతకు నాలుగు రోజుల ముందునుంచే వస్తున్నాడని పెద్ద సిస్టరు చెప్పింది. పేరడిగితే "ఒక రోగి భర్తని" అని రాయించాడట.

నన్ను చూడలేదు. ఫోన్లో అవతల ఎవరో ముసలాయన, చెవులు వినపడవు కాబోలు. బావ ఒక్కొక్క మాటా విడదీసి చెబుతున్నాడు. "మీకు ఏ మందు పడదో, అది వేసుకుంటే ఏమైందో, తీరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి. నాకు తొందరేం లేదు." అవతలాయన తన జబ్బుల చరిత్రంతా విప్పాడు. బావ అంతా విన్నాడు. చివర్లో మందు పేరు రాసుకుని, అక్షరం అక్షరం తిరిగి చదివి వినిపించి, సరేనా అని రెండుసార్లు అడిగాడు.

నేను ఆయన్ని క్షమించలేదు. క్షమించమని నువ్వూ అడగకు, ఇప్పుడే అడగకు. ఆ పేజీ చింపిన చెయ్యి అదే చెయ్యి. కానీ ఆయన ముందున్న కాగితాలు అయిపోవచ్చాయి. అలమరలోంచి ఇంకో కట్ట తీసి, ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. తలెత్తి చూశాడు. వెంటనే తర్వాతి నంబరు కొట్టడం మొదలుపెట్టాడు.

నీ చెల్లెలు