మూత గీసిన సున్నా

జనవరి 6

పదో తరగతికి హక్కుల పాఠం మొదలుపెట్టాను. ఇరవై ఎనిమిది మంది ఆడపిల్లలు. పుస్తకంలో ఉన్నది చదివించి ఊరుకుంటే సరిపోయేది. హోంవర్క్ ఇచ్చాను. అధికారికి ఒక పిటిషన్ రాయండి, ఊహించి కాదు, మీకు నిజంగా ఉన్న ఇబ్బంది మీద. పేర్లు లేని కాగితం చెత్తబుట్టకే పోతుంది, అందరూ సంతకాలు పెట్టండి అన్నాను. మొదటి సంతకం ఎవరు పెట్టాలి మేడం, ముందు తెగేది ఆ తలే కదా అని టైలరమ్మ కూతురు అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. గుండ్రంగా పెట్టండి, సున్నాకి మొదలూ చివరా ఉండవు అన్నాను. గీసుకోవడానికి నా లంచ్ బాక్స్ మూత ఇచ్చాను.

జనవరి 9

మూత తిరిగి ఇచ్చారు. అంచున నీలం ఇంకు. తోమినా పోలేదు.

జనవరి 17

స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఈ బడి మా తమ్ముడిది. నలుగురిలో పెద్దదాన్ని నేను, అందరికంటే చిన్నవాడు వాడు. వాడు లైబ్రరీ చూపిస్తుంటే పిల్లలు వెళ్ళి కాగితం ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చారట. ఆడపిల్లల బాత్రూమ్‌లకి తాళం వేసి ఉంచుతున్నారని, తాళంచెవి మగ అటెండర్ దగ్గర ఉంటుందని, అతన్ని అడగలేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడం మానేశామని, ఇద్దరు ప్రేయర్‌లో కళ్ళు తిరిగి పడిపోయారని. ఒక్క ముక్క అబద్ధం లేదు. భాష చాలా బాగుందని ఇన్‌స్పెక్టర్ మెచ్చుకున్నాడట. వెళ్తూ వెళ్తూ కాగితం తమ్ముడి చేతిలోనే పెట్టి, మీరే చూసుకోండి అన్నాడట.

అదే రోజు, సాయంత్రం 6

తమ్ముడు ఇంటికి వచ్చాడు. అరవలేదు. అమ్మ పోయాక నీ చేతి ముద్దలు తిని పెరిగానక్కా, ఇప్పుడు నువ్వే నా నోట్లో మన్ను కొడతావా అన్నాడు. కాగితం టేబుల్ మీద పరిచాడు. సున్నా చుట్టూ ఇరవై ఎనిమిది పేర్లు. ఎవరు మొదలుపెట్టారు అన్నాడు. అందరూ అన్నాను. అందరూ అంటే ఎవరూ కాదక్కా, సోమవారానికి ఒక్క పేరు చెప్పు, లేదంటే ఇరవై ఎనిమిది హాల్ టికెట్లూ ఆపేస్తాను అన్నాడు. పబ్లిక్ పరీక్షలకి రెండు నెలలు కూడా లేవు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, రాయమన్నది నువ్వని ఎక్కడా అననులే అన్నాడు.

ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. రాసుకోక తప్పదు.

జనవరి 19

చాలాసేపు ప్రార్థనలో కూర్చున్నాను. ధైర్యం అడగలేదు. శాంతి అడిగాను. దొరికింది.

జనవరి 20

దస్తూరి ఎవరిది అని తమ్ముడు అడిగాడు. టైలరమ్మ కూతురిది అన్నాను. అడిగినదానికే చెప్పాను. నా క్లాసుల్లో ఏ కాగితమైనా దస్తూరి బాగున్నవాళ్ళే రాస్తారు. ఆ పద్ధతి పెట్టింది నేనే. మిగతావాళ్ళు ఆ పిల్లని రాసిపెట్టమని బతిమాలి ఉంటారు. రాసిన పిల్లే మొదలుపెట్టిందని తమ్ముడు అనుకున్నాడు. అనుకోనిచ్చాను.

జనవరి 22

ఆ పిల్ల తల్లి వచ్చింది. మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయింది. టీసీ రెడీగా ఉంది. మీరే కదమ్మా రాయమన్నది, మా పిల్ల మిషను పక్కన కూర్చుని మీ పాఠాలే అప్పజెప్పేది, ఒక్క మాట చెప్పండమ్మా అంది. నేను రాయమన్నాను, ఇవ్వమనలేదు అన్నాను. అదీ నిజమే.

ఇవ్వమన్నది ఎవరో చెప్పు, టీసీ ఇప్పుడే చింపేస్తాను అని తమ్ముడు పిల్లని అడిగాడు. సున్నాకి మొదలుండదు సార్ అంది. నా వైపు చూడలేదు.

క్లాస్ టీచర్ సంతకం నాది. ప్రవర్తన అన్నచోట తమ్ముడు చెప్పిందే రాశాను. ఇక ఆ పిల్లకి ఈ ఏడాది పరీక్ష లేదు. తల్లి వెళ్తూ, చల్లగా ఉండండమ్మా అంది.

జనవరి 23

మిగతా ఇరవై ఏడుగురి చేత ఇంకో కాగితం మీద సంతకాలు పెట్టించాం. ఆ అమ్మాయే బలవంతం చేసిందని. ఈసారి ఒకరి కింద ఒకరు. డిక్టేట్ చేసింది నేను. దీనికి ఎన్ని మార్కులు మేడం అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. ఎవరూ నవ్వలేదు.

ఫిబ్రవరి 3

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వస్తున్నాడని పొద్దున తాళాలు తీశారు. సాయంత్రం వేశారు.

ఫిబ్రవరి 11

ప్రీ-ఫైనల్ పేపర్లు దిద్దుతున్నాను. ఏడో ప్రశ్న, నాలుగు మార్కులు. పౌరుడు తన ఇబ్బందిని అధికారుల దృష్టికి ఎలా తేవాలి? ఇరవై ఏడు పేపర్లలోనూ ఏడో నంబరు వేసి ఉంది. కింద ఖాళీ. ఫస్ట్ ర్యాంకు పిల్లదీ ఖాళీ. అక్షరం కూడబలుక్కుని రాసేవాళ్ళు, ఎడిషనల్ షీట్ల కోసం ఎగబడేవాళ్ళు, అందరిదీ ఖాళీ. రెండుసార్లు తిరగేశాను. ఎవరు మొదలుపెట్టారో తెలియడం లేదు.

ఫిబ్రవరి 12

తమ్ముడికి చూపించాను. ఎవరు అని అడగబోయి నోరు మూసుకున్నాడు. స్కూల్ పర్సంటేజీ తగ్గకూడదక్కా, వేసెయ్ అన్నాడు. వేశాను. ఖాళీకి నాలుగు. ఇరవై ఏడు సార్లు.

ఫిబ్రవరి 13

లంచ్ బాక్స్ మూత, ఆ నీలం ఇంకు అంటినదే, కనబడడం లేదు. అన్నం మీద కాగితం కప్పి ఇంటికి తెచ్చుకున్నాను. క్లాసులో ఎవరినీ అడగలేదు.

ప్రార్థనలోనూ ఏమీ అడగలేదు.